తూ దగ్గర ఆగిన తీర్మానం

సోషల్ టీచరు గౌసియా బీ పోయిన సంగతి సోమవారం పొద్దున, బడిలో ప్రార్థన ఇంకా ముగియకముందే తెలిసింది. ఆదివారం పాకాలలో అక్కగారింటికి పోయిన మనిషి, మధ్యాహ్నం అన్నానికి చెయ్యి కడుక్కోవడానికి లేచి, గుండె పట్టుకుని అక్కడే కూలిపోయిందట. కబురు తెచ్చిన బంధువు లోపలికి రాలేక గేటు దగ్గరే నిలబడిపోయాడు. అటెండరు చిన్నబ్బ వచ్చి హెడ్మిస్ట్రెస్ చెవిలో చెప్పాడు. పిల్లల్ని రెండు నిమిషాలు మౌనంగా నిలబెట్టి, బడికి సెలవిచ్చేశారు.

తెలుగు టీచరు జ్ఞానాంబ ఆ రెండు నిమిషాలూ సోషల్ క్లాసు తలుపు వైపే చూస్తూ నిలబడింది. తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి గౌసియా బీ చేతిసంచిలోనే పాకాలకు పోయి ఉంటుందని తోచింది. అంతకు మించి ఏమీ తోచలేదు.

పిల్లలు గేటు దాటుతుండగా హెడ్మిస్ట్రెస్ ఆదిలక్ష్మమ్మ ఆమెను పక్కకు పిలిచింది. కళ్లు తుడుచుకుంటూనే పని చెప్పింది.

"జ్ఞానాంబా, సంతాప తీర్మానం నువ్వే రాయాల. స్టాఫ్ మీటింగులో చదివి, లేచి నిలబడి, ఒక కాపీ వాళ్లింటికి పంపిద్దాం. నీకు సెప్పేదేముండాది, సెయ్యి తిరిగిన దానివి."

చెయ్యి తిరిగిన మాట నిజమే. ఆ బడికి సంబంధించిన వాళ్లు ఎవరు పోయినా, డ్రిల్లు మాస్టరు కానీ, స్థలం ఇచ్చిన దాత కానీ, తీర్మానం రాసేది జ్ఞానాంబే. పేరు మార్చుకుంటే చాలు. "ఫలానా వారి ఆకస్మిక మరణానికి ఈ సభ ప్రగాఢ సంతాపం తెలుపుతూ, వారి ఆత్మకు శాంతి చేకూర్చమని భగవంతుని ప్రార్థిస్తున్నది." ఒక్క వాక్యం. పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేలోగా అయిపోయే పని.

"రాస్తాను మేడం" అంది.

ఇంటికి వచ్చి కాగితం ముందు కూర్చుంది. లేచింది. వంటింట్లోకి పోయి, ఎందుకు పోయిందో తెలియక తిరిగి వచ్చింది. వీధి తలుపు తీసి చూసి మళ్లీ వేసింది. ఆమె భర్త మునస్వామి వ్యవసాయ శాఖలో గుమాస్తా. నోరు మంచిదే గానీ ఊరుకోదు.

"ఏమ్మే, కూసోనన్నా కూసో, తిరగనన్నా తిరుగు. నిన్ను సూస్తా ఉంటే నాకు తల తిరగతా ఉండాది."

"ఒక వాక్యం రాయాల."

"ఒక్క వాక్యానికే ఇంత నడకైతే, పుస్తకాలు రాసేవోళ్లు కాశీకి పోయి వచ్చుంటారే!"

ఆమె మళ్లీ వీధి తలుపు దాకా నడిచింది. మునస్వామి నాలుక కరుచుకుని, కాసేపటికి కాఫీ కలిపి తెచ్చి కాగితం పక్కన పెట్టాడు. అది అట్లాగే చల్లారిపోయింది.

రాయలేకపోవడానికి కారణం ఏడుపు కాదు. ఏడుపు ఆమెకు ఇంకా రానే లేదు. కారణం గౌసియా బీ చెప్పిన ఒక మాట.

ప్రతి అక్టోబరులో తిరుపతిలో ఒక కాలేజీ వాళ్లు హైస్కూలు పిల్లలకు నమూనా ఐక్యరాజ్యసమితి నడుపుతారు. ఒక్కో బడికి ఒక్కో దేశం ఇస్తారు. పిల్లలు ఆ దేశం తరఫున తీర్మానం రాసుకుని పోయి, సభలో చదివి, వాదించి, ఓట్లు సంపాదించాలి. చిత్తూరు నుంచి ఆ ఆడపిల్లల బడిని ఏటేటా తీసుకుపోయేది గౌసియా బీ. మొదట్లో అంతా ఇంగ్లీషే. తెలుగులోనూ రాయవచ్చు అన్న ఏడాది ఆమె కాగితాలు పట్టుకుని జ్ఞానాంబ దగ్గరికి వచ్చింది.

"ఇంగ్లీషులో పని సెప్పే మాట ముందే వచ్చి నిలబడతాది జ్ఞానక్కా. మన తెలుగులో అది ఆఖర్న వస్తాది. అందాకా సభలో ఎవురూ మేలుకొని ఉండరు. ఏం జేద్దాం?"

ఇద్దరూ కూర్చుని ఒక పద్ధతి కట్టారు. పైన "ఈ సభ" అని ఉంటుంది. దాని కింద కారణాలు: గమనిస్తూ, గుర్తిస్తూ, ఆందోళన చెందుతూ. ఆ తర్వాత అంకెలు వేసి పనులు: కోరుతున్నది, నిర్ణయిస్తున్నది. ఎంత పొడుగైనా తీర్మానమంతా ఒకే వాక్యం. అన్నీ 'తూ'తో ముగిసే ఆ పైభాగానికి గౌసియా బీ తూతూ మంత్రం అని పేరు పెట్టింది. పిల్లలు దానిని పేజీలకు పేజీలు సాగదీస్తుంటే స్కేలుతో బల్ల మీద కొట్టేది. "తూతూ మంత్రం అయిపాయె. ఇంక పని సెప్పండి. ఎవురు, ఏమి, ఎప్పటిలోగా?"

డ్రిల్లు మాస్టరు పోయినప్పుడు జ్ఞానాంబ రాసిన సంతాప తీర్మానం విని, మీటింగు అయినాక స్టాఫ్ రూములో గౌసియా బీ ఆమెను మోచేత్తో పొడిచింది.

"తూతూ మంత్రం నువ్వు సదివి, పని దేవునికి సెప్పినావే! కుర్చీల్లో కూసున్నోళ్లకి ఏం పని లేదా అక్కా?"

అప్పుడు ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇప్పుడు ఆ గౌసియా బీ పేరే అదే వాక్యంలో ఇరికించాలి. పేరు తప్ప మిగతాదంతా చేతికి కంఠస్థం. ఆ వాక్యం రాసేస్తే ఆమెను కూడా తూతూ మంత్రంతో సాగనంపినట్టే అవుతుందని జ్ఞానాంబకు అనిపించింది. రాయకుంటే పాకాలలో ఆ ఇంటివాళ్లకు బడి నుంచి ఒక్క మాటైనా అందదు. ఈ రెంటి మధ్యా ఆమె కాలు నిలవలేదు.

మరుసటి వారం హెడ్మిస్ట్రెస్ అడిగింది. "రాస్తా ఉండాను మేడం" అంది. ఆ పై వారమూ అదే జవాబు.

ఈలోగా పదో తరగతి పిల్లలిద్దరు వచ్చి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డారు. చంద్రకాంత, సుభాన్‌బీ. గౌసియా బీ ఈ ఏటికి ఎంచుకున్న జట్టు.

"టీచర్, మేము తిరుపతికి పోవాల్నా, వద్దా?" అని చంద్రకాంత అడిగింది.

"ఏ దేశం ఇచ్చినారు?"

"అప్పర్ వోల్టా, ఆఫ్రికాలో. పేర్లో కరెంటు ఉండాది గానీ టీచర్, ఆ దేశంలో తాగను నీళ్లే లేవంట. ఈసారి విషయం కూడా తాగునీరే."

"మన బడి మాదిరే" అని సుభాన్‌బీ గొణిగింది.

బడిలో కొళాయి లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు చెంబులు, సీసాలు పట్టుకుని రోడ్డు దాటి ఎదురుగా ఉన్న లాడ్జి పెరట్లోకి పోతారు. అక్కడ అరుగు మీద కూర్చునే మగవాళ్ల ఎకసెక్కాలు పడలేక పెద్దపిల్లలు సాయంత్రం దాకా నీళ్లే మానేస్తారు. గౌసియా బీ దాని గురించి బడి నడిపే కరస్పాండెంటు గారికి అర్జీ మీద అర్జీ పెట్టింది. ఆయన ప్రతిసారీ చూద్దాం అన్నాడు.

"పోదాం" అంది జ్ఞానాంబ. ఆ మాట అనేదాకా తాను అంటానని ఆమెకే తెలియదు.

సాయంత్రాలు వరండాలో కూర్చున్నారు. ఆమెకు ఆఫ్రికా గురించి తెలిసింది తక్కువ. మాటల గురించే చెప్పింది.

"గమనిస్తూ అంటే చూసినాం అని. ఆందోళన చెందుతూ అంటే చూసినాక నిద్ర పట్టలేదని. ఖండిస్తూ అంటే అది ఎవరి పనో తెలిసిపోయిందని. తెలియకుండా ఖండించగూడదు. అట్లాగే తెలిసినాక ఊరికే గమనించగూడదు."

"మరి అర్జీ ఇచ్చినా పలకని వాళ్లని ఏమనాల టీచర్?" అంది సుభాన్‌బీ.

"ముందు గుర్తు చేయాల. మళ్లీ గుర్తు చేయాల."

"మళ్లీ పలక్కపోతే?"

"ఆ దేశం పేరు రాసుకో ముందు. నీ అక్షరాల్లో వోల్టా ఓటల్ మాదిరి ఉండాది."

పిల్లలు నవ్వారు. జ్ఞానాంబ ఎర్ర పెన్సిలు తీసి చిత్తుప్రతి దిద్దడం మొదలుపెట్టింది. మూడో పాదం దగ్గర చంద్రకాంత ఇట్లా రాసి ఉంది: "నీరు లేక మరణించిన పసిపిల్లలకు ప్రగాఢ సంతాపం తెలుపుతూ". ప్రగాఢ సంతాపం అన్న మాట ఆ పిల్ల విన్నది ప్రార్థన మైదానంలో, ఎవరైనా పోయి మౌనంగా నిలబడినప్పుడు మాత్రమే. అక్కడ విన్న మాటే తెచ్చి ఇక్కడ పెట్టింది. తీవ్ర విచారం అని ఉండాలి. సమితి భాషలో సంతాపం ఇట్లా రాదు. పెన్సిలు ఆ మాట మీదికి వచ్చి ఆగింది. కొట్టేయడానికి చెయ్యి రాలేదు. పెన్సిలు పక్క పాదానికి పోయింది.

శనివారం పొద్దున్నే రైలెక్కారు. పాకాల జంక్షన్‌లో బండి చాలాసేపు నిలబడింది. జ్ఞానాంబ దిగింది. గౌసియా బీ పోయిన ఇల్లు స్టేషనుకు దూరం కాదు. శవాన్ని చూడడానికి వచ్చిన రోజు గౌసియా బీ అక్క ఆమె చేయి పట్టుకుని, "మీ బడే దాని ఇల్లు గదమ్మా" అంది. ఆ బడి నుంచి ఇంకా ఒక్క కాగితం రాలేదని ఆమె అనుకుంటూ ఉంటుంది. జ్ఞానాంబ ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచింది. అక్కడి నుంచి ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు.

"టీచర్! బండి కదల్తా ఉండాది!"

పరుగెత్తి వచ్చి ఎక్కింది. చంద్రకాంత జరిగి చోటిచ్చింది. జ్ఞానాంబ మాత్రం తిరుపతి దాకా తలుపు దగ్గరే నిలబడింది.

కాలేజీ హాల్లో బెంచీల మీద దేశాల పేర్లు రాసిన అట్టలు పెట్టారు. అధ్యక్ష స్థానంలో ఒక లెక్చరర్ కూర్చున్నాడు. మధ్యాహ్నం అప్పర్ వోల్టా వంతు వచ్చింది. చంద్రకాంత లేచి, గొంతు సవరించుకుని చదవసాగింది. గమనిస్తూ అయింది. ఆందోళన చెందుతూ అయింది. "నీరు లేక మరణించిన పసిపిల్లలకు ప్రగాఢ సంతాపం తెలుపుతూ" అని ఒక్క క్షణం ఊపిరికి ఆగింది.

ఎక్కడో ఒక బెంచీ కిర్రుమంది. ఫ్రాన్సు లేచి నిలబడింది. దానిని చూసి బ్రెజిల్ లేచింది. ఆ వెనుక వరుసంతా లేచింది. సోవియట్ యూనియన్ కాసేపు అటూ ఇటూ చూసి, తాను కూర్చుంటే బాగుండదని లేచింది. ఆ హాల్లో ఉన్న పిల్లలందరికీ ఆ మాట ఒక్కచోటే పరిచయం. దాని తర్వాత ఏం చేయాలో వాళ్ల కాళ్లకు తెలుసు. అధ్యక్షుడు వద్దని చెప్పబోయి, అందరూ తల వంచుకుని ఉండడం చూసి తానూ లేచాడు. వెనుక గోడ పక్కన జ్ఞానాంబ ఎటూ నిలబడే ఉంది. తల మాత్రం వంచింది. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఎవరూ కూర్చోమని చెప్పలేదు. చివరికి జపాన్ తరఫున వచ్చిన అబ్బాయి చెయ్యెత్తాడు.

"అధ్యక్షా, సందేహం. ఇంతకీ పోయినోళ్లు ఎవురు?"

హాలంతా గొల్లుమంది. చంద్రకాంత ముఖం ఎర్రబడింది. సుభాన్‌బీ లేచింది.

"కాగితంలోనే ఉండాది జపానన్నా, నిద్ర పోతాంటివా? నీళ్లు లేక పోయిన పిల్లోళ్లు. మీరంతా లేచి నిలబడినారు గాబట్టి సంతాపం ఒప్పుకున్నట్టే లెక్క. లేచినోళ్లు లేచినట్టే ఉండండి, ఇప్పుడు పని సెప్తాము."

ఈసారి నవ్వులో చప్పట్లు కలిశాయి. అధ్యక్షుడు అందరినీ కూర్చోబెట్టాడు. చంద్రకాంత కింది భాగం చదివింది. ఎవరు, ఏమి, ఎప్పటిలోగా, అన్నీ అందులో ఉన్నాయి. ఓట్లలో తీర్మానం గెలిచింది. మొదటి బహుమతి మాత్రం వేరే బడికి పోయింది.

బయట లెక్చరర్ జ్ఞానాంబ దగ్గరికి వచ్చాడు. "తీర్మానం బాగుంది టీచరమ్మా. ఆ ఒక్క మాటకే మార్కులు పోయినాయి. మీరు దిద్దలేదా?"

"దిద్దినాను. ఆ మాట తెలిసే వదిలినాను" అంది. ఎందుకని ఆయన అడగలేదు.

తిరుగు ప్రయాణంలో పిల్లలు నిద్రపోయారు. జ్ఞానాంబ చెవిలో సుభాన్‌బీ మాటే తిరుగుతూ ఉంది. లేచి నిలబడితే ఒప్పుకున్నట్టే. సంతాప తీర్మానానికి ఓటింగు ఉండదు. చదువుతారు, లేస్తారు, అయిపోతుంది. అది చదువుతుంటే కూర్చుని ఉండే గుండె ఏ ఊర్లోనూ ఎవరికీ ఉండదు.

సోమవారం ఖాళీ పీరియడులో ఆమె స్టాఫ్ రూము కిటికీ గట్టు మీద కాగితం పెట్టి, నిలబడే రాసింది.

"ఈ సభ, గౌసియా బీ గారు ఈ బడి పిల్లలను ప్రపంచ పటం ముందు నిలబెట్టి ప్రశ్న అడగడం నేర్పారని గుర్తు చేసుకుంటూ, ఆమె గొంతు ఇక ఈ గోడల మధ్య వినబడదని దుఃఖిస్తూ, తాగునీటి గురించి ఆమె ఇచ్చిన అర్జీలకు ఇంతవరకు జవాబు రాలేదని గమనిస్తూ, ఒకటి, వచ్చే వేసవిలోగా బడి ఆవరణలో కొళాయి వేయించాలని కరస్పాండెంటు గారిని కోరుతున్నది, రెండు, ఏటా పిల్లలను నమూనా సమితికి పంపాలని నిర్ణయిస్తున్నది."

ఆదిలక్ష్మమ్మ అది రెండుసార్లు చదివి కళ్లజోడు తీసింది.

"ఏంది జ్ఞానాంబా ఇది? సంతాప తీర్మానంలో కొళాయి యాడన్నా ఉంటాదా?"

"ఇంతవరకు లేదు మేడం."

"ఇది సదివితే అందరూ లేసి నిలబడాల గదా. లేసినారంటే పాసైనట్టే. పాసైతే రేపు కరస్పాండెంటు ముందర సేతులు కట్టుకోని నిలబడేది నువ్వా, నేనా?" ఆమె గొంతు తగ్గించింది. "ఇది నువ్వు తెలిసే రాసినావు."

"తెలిసే రాసినాను."

"నాకు మాత్రం గౌసియా మీద ప్రేమ లేదనుకుంటివా? రంజానుకి మా ఇంటికి సేమ్యా పంపకుండా తాను తినేదా? పైది సదువుదాం. కింద ఉండేది ఇంకో కాగితం మీద, ఇంకో రోజు మాట్లాడుకుందాం."

"పైదాంట్లో క్రియ లేదు మేడం. గమనిస్తూ అని ఆపితే అది వాక్యం కాదు. పిల్లలు రాస్తే మనమే సున్నా వేస్తాం."

"క్రియ నేను పెడతా. సంతాపం తెలుపుతున్నది. సాలదా?"

"పెట్టండి. అప్పుడది మీ తీర్మానం. నేను రాసినానని చెప్పొద్దు."

ఆదిలక్ష్మమ్మ పెన్ను తీసింది. కాగితం మీద ఆనించింది. తర్వాత ఏమనుకుందో పెన్ను మూసి, కాగితం సొరుగులో పెట్టింది. "సూద్దాంలే" అంది.

ఆ సంగతి స్టాఫ్ రూములో పాకింది. లెక్కల టీచరు వరదమ్మ దాపరికం లేని మనిషి. టిఫిను డబ్బా మూత తీస్తూ అంది.

"కొళాయి వస్తే నాకూ సంతోషమే అక్కా. కానీ పోయినామెను అడ్డం పెట్టుకోని అడగడం బాగుండాదా? వాళ్లింటోళ్లు ఆ కాగితం సదివితే ఏమనుకుంటారు? సావును కూడా అర్జీ చేసినారే అనుకోరా?"

ఆ మాట జ్ఞానాంబకు ముల్లులా దిగింది. క్లాసులో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఇంట్లో మళ్లీ గదికీ వీధి తలుపుకూ మధ్య నడక మొదలైంది.

"ఇప్పుడింగేం వాక్యం?" అన్నాడు మునస్వామి.

"అదే వాక్యం. రాసినదాంట్లో కింది సగం కొట్టేయాల్నా అని."

"ఆయమ్మ ఉంటే ఏమనేది?"

"స్కేలు తీసుకోని బల్ల మీద కొట్టేది."

మునస్వామి ఆమె దారికి అడ్డం తప్పుకుని, "అయితే నడువు" అన్నాడు.

మర్నాడు ఆమె హెడ్మిస్ట్రెస్ గదికి పోయింది. ఆదిలక్ష్మమ్మ ఆశగా సొరుగు తెరిచి కాగితం ఇచ్చింది. జ్ఞానాంబ ఎర్ర పెన్సిలుతో "కొళాయి" ముందు "ఈ పిల్లల కోసం" అని చేర్చి తిరిగి ఇచ్చేసింది. ఏమీ కొట్టేయలేదు.

అప్పటి నుంచి ప్రతి స్టాఫ్ మీటింగులోనూ ఆమె లేచి, సంతాప తీర్మానం సంగతి ఏమైందని అడుగుతుంది. వచ్చే మీటింగులో చూద్దామని హెడ్మిస్ట్రెస్ అంటుంది. వరదమ్మ కిటికీలోంచి బయటికి చూస్తుంది.

అర్ధ సంవత్సరం పరీక్షలు అయ్యాయి. ఎండలు ముదురుతున్నాయి. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు చెంబులు పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. పాకాలకు బడి నుంచి కాగితం పోలేదు. గౌసియా బీ సంతాప తీర్మానాన్ని ఆ బడి ఇంకా ఆమోదించలేదు.